ఎగుమతి కొట్లకు మెయిలు మారుపేర్లు: మళ్లింపులో మెలకువలు, మోసాలు

గుంటూరు: బీజింగులో ఉదయం 9 గంటలైతే గుంటూరులో ఆరున్నర. అక్కడి కొనుగోలుదారు ఆఫీసు తెరచి, తొడిమ తీసిన తేజ రకానికి ధర చెప్పమని మెయిలు పంపే వేళకు ఇక్కడి ఎగుమతి కొట్టు షట్టరు ఇంకా లేవదు. పది గంటలకు గుమాస్తా వచ్చి, కంప్యూటరు తీసి, కొలంబో, ఢాకా, బ్యాంకాకుల నుంచి వచ్చిన వాటితో పాటు దానిని కూడా చూచి, యజమానికి ఫోను చేసి, యార్డులో ధరలు ఎలా పలుకుతున్నాయో కనుక్కొని జవాబు రాస్తాడు. ఈ లోపల మరొక కొట్టువారు ధర చెప్పి ఉండవచ్చును.

ఆ రోజు గుమాస్తా సెలవులో ఉంటే ఏమవుతుంది? ఉగాదికి లెక్క చూసుకొని కొట్టు మానివేసి, సొంతంగా కమీషను వ్యాపారం పెట్టుకొని ఉంటే? మెయిలు ఆయన పేరున తెరచిన ఉచిత ఖాతాకు వచ్చేదైతే దానికి జవాబు చెప్పేది ఆయనే. సరుకు పాత యజమాని కోల్డు స్టోరేజీలోనే ఉంటుంది, బేరం మాత్రం గుమాస్తా వెంట నడిచిపోతుంది. మిర్చి, పసుపు, పొగాకు, రొయ్య, ఏ ఎగుమతి వ్యాపారంలో చూచినా ఈ ముప్పు ఉన్నదే. అయినా విజిటింగు కార్డు మీద గుమాస్తా మెయిలో, చదువుకున్న అబ్బాయి కాలేజీ రోజుల్లో సరదాగా పెట్టుకున్న మెయిలో అచ్చు వేయించుకొని లక్షల లావాదేవీలు నడిపే సంస్థలు కనిపిస్తూనే ఉన్నాయి.

ఇందుకు విరుగుడు కష్టమైనదీ కాదు, ఖరీదైనదీ కాదు. సంస్థ పేరున ఒక డొమైను తీసుకోవడం, ఆ డొమైనులో మనుషుల పేర్లతో కాక పనుల పేర్లతో నాలుగైదు అడ్రసులు పెట్టడం, వాటికి వచ్చే మెయిళ్లు ఎవరెవరికి చేరాలో నిబంధనలు రాయడం. అడ్రసుకు పెట్టే మారుపేరును అలియాస్ అంటారు, మెయిలు మళ్లింపును ఫార్వర్డింగు అంటారు. అలియాస్ అనే మాటను నేరవార్తలలో చదివి చదివి మనవారికి దాని మీద దురభిప్రాయం ఏర్పడినది గాని, ఇక్కడ దానిలో దోషమేమీ లేదు.

తంతి చిరునామా చేసిన పనే

పాత లెటరుహెడ్డులు దాచుకొన్న కొట్లలో చూస్తే, కాగితం పైభాగాన ‘గ్రామ్స్’ అని ఒక మాట, దాని పక్కన ఒకే ఒక పదం కనిపిస్తుంది. అది తంతి చిరునామా. టెలిగ్రాములో ప్రతి మాటకూ డబ్బు కట్టవలసిన రోజుల్లో సంస్థ పూర్తి పేరు, వీధి పేరు రాసే బెడద లేకుండా, ఏడాదికింత రుసుము చెల్లించి తంతి ఆఫీసులో పొట్టి పేరు ఒకటి రిజిస్టరు చేయించుకొనేవారు. ఆ పేరున వచ్చిన టెలిగ్రామును ఎవరికి అందించాలో ఆఫీసు రిజిస్టరు చెప్పేది. కొట్టు ఒక వీధి నుంచి మరొక వీధికి మారినా బొంబాయి వర్తకునికి ఆ సంగతి తెలియనక్కరలేదు, రిజిస్టరులో మార్పించుకొంటే చాలు. మన దేశంలో టెలిగ్రాము సర్వీసు 2013 జూలైలో ముగిసిపోయినది. ఆ రిజిస్టరు చేసిన పని మాత్రం ఇప్పుడు మెయిలు సర్వరులో జరుగుతున్నది.

కంప్యూటరు లోకంలో కూడా ఇది పాత పద్ధతే. అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్‌మన్ రాసిన సెండ్‌మెయిల్ అనే ప్రోగ్రాము 1983లో బి.ఎస్.డి. యూనిక్సుతో బయటికి వచ్చినది. అందులో అలియాసుల కోసమే ఒక ఫైలు ఉన్నది: ఎడమ పక్కన మారుపేరు, కుడి పక్కన అసలు గ్రహీతలు. అచ్చంగా మన ఆవర్జా పుస్తకంలో పద్దు. ఏ పనికి ఏ పేరు వాడాలో 1997లో ఆర్.ఎఫ్.సి. 2142 అనే పత్రంలో రాసి పెట్టారు. అమ్మకాలకు సేల్స్, విచారణలకు ఇన్ఫో, మెయిలు వ్యవస్థ చూసేవారికి పోస్ట్‌మాస్టర్, ఇలా సాగుతుంది ఆ జాబితా. అందువలననే ఏ దేశపు కొనుగోలుదారైనా సంస్థ డొమైను తెలిస్తే ముందు ‘సేల్స్’ అని పెట్టి ఉత్తరం వేసి చూస్తాడు. ఆ పేరున అడ్రసే లేకపోతే ఆయన ఉత్తరం తిరుగు టపాలో పోతుంది, సంస్థకు ఒక విచారణ వచ్చినదన్న సంగతి కూడా తెలియదు.

ఎన్ని పేర్లు, ఎవరి చేతికి

మధ్యతరహా మిర్చి ఎగుమతి సంస్థ ఒకదానిని ఊహించుకొందాము. ఇద్దరు అన్నదమ్ములు భాగస్వాములు. అన్నగారు యార్డులో కొనుగోలు చూస్తారు, తమ్ముడు విదేశీ బేరాలు చూస్తాడు. ఒక గుమాస్తా, ఒక లెక్కల మనిషి. మద్రాసు రేవులో పని చూడడానికి అక్కడి క్లియరింగు ఏజెంటు. దీనికి నాలుగు మారుపేర్లు సరిపోతాయి.

‘సేల్స్’కు వచ్చినది తమ్ముడికి, గుమాస్తాకు చేరాలి. ‘డాక్స్’ అనే అడ్రసుకు ఇన్వాయిసు, ప్యాకింగు లిస్టు, బిల్ ఆఫ్ లేడింగు, పంట తెగుళ్లు లేవన్న ఫైటోశానిటరీ సర్టిఫికెట్టు, ఐరోపాకు పంపే సరుకైతే అఫ్లాటాక్సిన్ పరీక్ష నివేదిక వగైరా కాగితాలు వస్తాయి. అవి గుమాస్తాకు, క్లియరింగు ఏజెంటుకు చేరాలి. ‘ఎకౌంట్స్’కు వచ్చే బ్యాంకు సమాచారం లెక్కల మనిషికి, ఇద్దరు భాగస్వాములకు చేరాలి. క్లియరింగు ఏజెంటుకు దీనితో నిమిత్తం లేదు, కనుక ఆయన పేరు ఇందులో ఉండరాదు. ఎవరికి ఏది అవసరమో అంతే పంపడం ఈ ఏర్పాటులో సగం ప్రయోజనం.

నాలుగవ అడ్రసు గురించి చాలామంది తలచరు. అది లైసెన్సుల కోసం. జి.ఎస్.టి. పోర్టలు, విదేశీ వాణిజ్య డైరెక్టరేటు, స్పైసెస్ బోర్డు, బ్యాంకు, ఇన్ని చోట్ల రిజిస్ట్రేషనుకు మెయిలు అడ్రసు ఇవ్వవలసి ఉంటుంది. 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడు హడావిడిలో టాక్సు కన్సల్టెంటు తన సొంత మెయిలు, తన ఫోను నంబరు వేసి పని కానిచ్చిన సంస్థలు తక్కువేమీ కాదు. నోటీసు వస్తే ఆయనకు వస్తుంది, ఓ.టి.పి. వస్తే ఆయనకు వస్తుంది. ఆయనతో మాట తేడా వచ్చిన నాడు తమ ఖాతాలో తామే అడుగు పెట్టలేని పరిస్థితి. ఎగుమతి దిగుమతి కోడు వివరాలను ప్రతి ఏటా ఏప్రిల్, జూన్ నెలల మధ్య ధ్రువపరచాలని 2021లో నిబంధన వచ్చినది. ధ్రువపరచకపోతే కోడు పనిచేయకుండా పోతుంది, రేవులో సరుకు ఆగిపోతుంది. గడువు గుర్తు చేసే మెయిలు మానివేసిన గుమాస్తా ఖాతాలో పడి ఉంటే దానిని చదివేదెవరు? లైసెన్సులన్నిటికీ ఒకే మారుపేరు ఇచ్చి, దాని వెనుక యజమానిని, కన్సల్టెంటును ఇద్దరినీ ఉంచితే, మనిషి మారినప్పుడు సర్వరులో ఒక పేరు తీసి మరొకటి వేయడంతో పని తీరుతుంది.

ఖర్చు విషయానికి వస్తే, డొమైనుకు ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలు అటూ ఇటూ. మెయిలు సర్వీసుకు మనిషికింత చొప్పున కట్టాలి గాని మారుపేర్లకు వేరే కట్టనక్కరలేదు. గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఒక్కొక్క మనిషికి 30 అలియాసుల వరకు ఉచితం. మైక్రోసాఫ్ట్ 365లో షేర్డు మెయిలుబాక్సు అని ఒక సదుపాయం ఉన్నది. 50 గిగాబైట్ల వరకు దానికి విడిగా లైసెన్సు అక్కరలేదు, నలుగురూ ఒకే పెట్టెను తెరచి చూడవచ్చును.

ఈ షేర్డు పెట్టె ఎందుకో కూడా చెప్పాలి. ‘సేల్స్’కు వచ్చిన మెయిలు ఇద్దరికీ విడివిడిగా కాపీలుగా పోయినప్పుడు, తమ్ముడు జవాబు ఇచ్చినట్లు గుమాస్తాకు తెలియదు. ఇద్దరూ జవాబు ఇస్తే రెండు ధరలు పోతాయి. కొనుగోలుదారు తక్కువ ధరను పట్టుకొని కూర్చుంటాడు, అందులో ఆయన తప్పేమీ లేదు. ఒకరు చూస్తారులే అని ఇద్దరూ ఊరుకొంటే అసలు జవాబే పోదు. ఒకే పెట్టెను ఇద్దరూ తెరిస్తే ఎవరు ఏమి రాశారో ఇద్దరికీ కనబడుతుంది.

డొమైను రెన్యువలు మరచిపోయిన సంస్థలకు వచ్చే చిక్కు మరొకటి. గడువు దాటి కొంత కాలం గడిస్తే ఆ పేరును ఎవరైనా కొనుక్కోవచ్చును. కొన్నవాడికి సంస్థ పేరున వచ్చే ఉత్తరాలన్నీ చేరుతాయి. కనుక రెన్యువలు హెచ్చరిక అదే డొమైనులోని అడ్రసుకు కాక బయట మరొక అడ్రసుకు కూడా వచ్చేటట్లు చూసుకోవాలి.

నిబంధనలు రాసే తీరు

పాత ఉచిత ఖాతాను ఒక్కసారిగా మూసివేయడం పొరపాటు. కొనుగోలుదారుల పుస్తకాలలో ఆ అడ్రసే ఉంటుంది. కనీసం ఒక సీజను పాటు అక్కడికి వచ్చే మెయిలును కొత్త అడ్రసుకు మళ్లించాలి. జీమెయిలులో అయితే సెట్టింగులలో ఫార్వర్డింగు అనే పుటకు పోయి కొత్త అడ్రసు ఇస్తే, ఆ అడ్రసుకు ధ్రువీకరణ కోడు ఒకటి వస్తుంది. దానిని ఒప్పుకొన్న తరువాతనే మళ్లింపు మొదలవుతుంది. మళ్లించిన తరువాత అసలు ప్రతిని ఉంచాలా, తీసివేయాలా అని అడుగుతుంది. ఉంచమనడమే మంచిది.

ఇక్కడ రెండు సంగతులు గమనార్హం. స్పాము అని పక్కన పెట్టిన మెయిలును జీమెయిలు మళ్లించదు. కొత్త కొనుగోలుదారు మొదటి ఉత్తరం తరచు స్పాములోనే పడుతుంది గనుక వారానికి ఒకటి రెండుసార్లు పాత ఖాతాను తెరచి చూడక తప్పదు. రెండవది, మారుపేరుకు వచ్చిన మెయిలుకు జవాబు ఏ పేరున పోతున్నదో చూసుకోవాలి. ఏర్పాటు సరిగా లేకపోతే ‘సేల్స్’కు రాసినవాడికి గుమాస్తా సొంత అడ్రసు నుంచి జవాబు పోతుంది, ఆయన తరువాతి ఉత్తరం ఆ అడ్రసుకే రాస్తాడు, కథ మళ్లీ మొదటికి వస్తుంది. ఏ అడ్రసుకు వచ్చినదో ఆ అడ్రసు నుంచే జవాబు పంపమనే సెట్టింగు ఉన్నది. దానిని ఎంచుకోవాలి.

మెయిలులోని మాటలను బట్టి మళ్లించే నిబంధనలు చూడడానికి సొంపుగా ఉంటాయి గాని నమ్మదగినవి కావు. ‘ఇన్వాయిసు’ అన్న మాట ఉంటే లెక్కల మనిషికి పంపమని రాసినట్లయితే, ఒక దేశపు కొనుగోలుదారు ‘పి.ఐ.’ అని పొడి అక్షరాలు రాస్తాడు, అది తప్పిపోతుంది. మరొకడు ధర అడిగే ఉత్తరంలోనే ఇన్వాయిసు మాట తెస్తాడు, అది లెక్కల మనిషికి పోయి అక్కడే ఉండిపోతుంది. ఏ మారుపేరుకు వచ్చినదో దానిని బట్టి పంచే నిబంధన ఇంతకంటె గట్టిది. మాటల నిబంధన పెట్టినా మళ్లించడానికి కాక గుర్తు వేయడానికి మాత్రమే వాడుకోవడం మేలు.

మరొక సంగతి. ఔట్‌లుక్ ప్రోగ్రాములో పెట్టే నిబంధనలలో కొన్ని సర్వరులో కాక ఆ కంప్యూటరులోనే నడుస్తాయి. కంప్యూటరు ఆపివేసినా, కరెంటు పోయినా ఆ మళ్లింపు ఆగిపోతుంది. ఆదివారం ఉత్తరాలు సోమవారం కదలుతున్నాయంటే కారణం చాలావరకు ఇదే.

ఏ అడ్రసుకు తప్పుగా రాసినా అన్నిటినీ పట్టుకొనే ‘క్యాచ్ ఆల్’ పెట్టె పెట్టుకొంటామని కొందరు ఉబలాటపడతారు. అందులో పడేది నూటికి తొంభై పాళ్లు చెత్త. స్పెల్లింగు తప్పులు రాదగిన రెండు మూడు రూపాలను అలియాసులుగా చేర్చుకొంటే చాలును.

ఏ నుంచి బి.కి, బి. నుంచి తిరిగి ఏ.కు మళ్లింపు పెట్టితే ఉత్తరం బొంగరంలా తిరుగుతుంది. సర్వర్లు చేతులు మారిన లెక్క చూసి కొంతసేపటికి దానిని ఆపుతాయి గాని, ఈ లోపల పెట్టె నిండుతుంది.

లారీ మారితే వే బిల్లు

మళ్లించిన మెయిలు స్పాములో ఎందుకు పడుతున్నదనేది వర్తకులు తరచు అడిగే ప్రశ్న. దీనికి సమాధానం మన సరుకు రవాణాలోనే ఉన్నది.

ఒక సంస్థ తన సరుకు ఫలానా నంబరు లారీలలో మాత్రమే పంపుతుందని జాబితా ప్రకటించినదనుకొందాము. దారిలో మరొక ఊరి వర్తకుడు ఆ బస్తాలను దించి తన లారీలో ఎక్కించి పంపితే, తనిఖీ అధికారికి లారీ నంబరు జాబితాలో కనిపించదు. ఆయన అనుమానించడం న్యాయమే. మెయిలులో ఈ లారీల జాబితాను ఎస్.పి.ఎఫ్. అంటారు. ఫలానా డొమైను మెయిలు ఫలానా సర్వర్ల నుంచే బయలుదేరుతుందని చెప్పే ప్రకటన అది. మళ్లింపులో మెయిలు మధ్య సర్వరు నుంచి మళ్లీ బయలుదేరుతుంది గనుక ఆ తనిఖీలో తప్పుతుంది.

రెండవ తనిఖీ బస్తా మూతి మీద సీలు. దీని పేరు డీకిమ్. పంపిన సంస్థ తన రహస్య తాళంతో మెయిలు మీద ముద్ర వేస్తుంది. లారీ మారినా సీలు చెక్కుచెదరదు, కాని దారిలో ఎవరైనా మూతి విప్పి, కింద నాలుగు లైన్లు ప్రకటన చేర్చి కుట్టితే సీలు చెడుతుంది. ఈ రెంటిలో ఒకటైనా సంస్థ పేరుతో సరిపోలాలి, లేకపోతే సరుకును ఏమి చేయాలో సంస్థ ముందే ఇచ్చే ఆదేశం డీమార్క్. వదలివేయమనవచ్చును, స్పాములో పెట్టమనవచ్చును, తిప్పి పంపమనవచ్చును. లారీ మార్చిన మధ్యవర్తి సరుకును తన పూచీ మీద, తన పేరున పంపే పద్ధతి కూడా ఉన్నది. దానిని ఎస్.ఆర్.ఎస్. అంటారు. అయినా డీమార్క్ తనిఖీకి అసలు పంపినవారి సీలు ఉండవలసిందే.

2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ కంపెనీలు ఈ తనిఖీలను బిగించాయి. తమకు మెయిలు పంపే ప్రతివారికీ ఎస్.పి.ఎఫ్., డీకిమ్‌లలో ఒకటైనా ఉండాలని, పెద్ద ఎత్తున పంపేవారికి రెండూ, డీమార్క్‌తో సహా ఉండాలని నిర్ణయించాయి. ఇందువలన తేలేదేమంటే, మారుపేరు వెనుక ఉన్న పెట్టె అదే డొమైనులో, అదే సర్వరులో ఉంటే లారీ మారడం అనే ప్రసక్తే రాదు. ‘సేల్స్’కు వచ్చిన దానిని మళ్లీ తమ్ముడి ఉచిత ఖాతాకు తరలించడం వలననే ఈ పేచీ అంతా వస్తున్నది. నెలకు నాలుగు వందలు మిగుల్చుకొందామని ఇలా చేసేవారు, విచారణ ఒక్కటి తప్పిపోతే నష్టమెంతో లెక్క వేసుకోవాలి. నూరు క్వింటాళ్లు, క్వింటాలు 15,000 రూపాయలనుకొన్నా అది 15 లక్షల బేరం.

దొంగ మళ్లింపు

వర్తకులు అన్నిటికంటె ఎక్కువగా భయపడవలసినది తాము పెట్టని మళ్లింపునకు.

మోసగాడు ముందుగా ఒక దొంగ లాగిన్ పుట చూపి గుమాస్తా పాస్‌వర్డు రాబడతాడు. ఖాతాలోకి పోయి ఏమీ చెరపడు, ఏమీ పంపడు. ఒక నిబంధన మాత్రం రాసి బయటికి వస్తాడు. అమెరికా ఎఫ్.బి.ఐ. 2020 నవంబరులో వ్యాపార సంస్థలకు పంపిన హెచ్చరికలో ఈ పద్ధతిని వివరించినది. బ్యాంకు, పేమెంటు, ఇన్వాయిసు వంటి మాటలున్న ప్రతి మెయిలునూ మోసగాడి అడ్రసుకు పంపే నిబంధనలు పెట్టిన ఉదంతం అందులో ఉన్నది. ఆ తరువాత వాడు తీరికగా కూర్చొని బేరం ఎంతవరకు వచ్చినది, సరుకు ఎప్పుడు ఓడ ఎక్కుతున్నది, డబ్బు ఎన్నడు రావాలి, అన్నీ చదువుతాడు. సరిగా డబ్బు పంపే వేళకు సంస్థ డొమైనును పోలిన, ఒక్క అక్షరం తేడా ఉన్న మరొక డొమైను నుంచి కొనుగోలుదారుకు ఉత్తరం వెళుతుంది: మా పాత బ్యాంకు ఖాతా ఆడిటులో ఉన్నది, ఈసారి సొమ్ము ఈ కొత్త ఖాతాకు పంపగలరు. ఇన్వాయిసు నంబరు సరిగ్గా ఉంటుంది, కంటైనరు నంబరు సరిగ్గా ఉంటుంది. అనుమానం ఎక్కడ వస్తుంది? కొనుగోలుదారుకు నిజంగానే సందేహం వచ్చి తిరిగి రాసినా, ఆయన పేరున వచ్చే మెయిళ్లను ఎవరూ తెరవని ఫోల్డరులోకి తోసివేసే మరొక నిబంధన అప్పటికే సిద్ధంగా ఉంటుంది.

వ్యాపార మెయిళ్ల మోసాల వలన 2023లో తనకు అందిన ఫిర్యాదుల ప్రకారమే 290 కోట్ల డాలర్లకు పైగా నష్టం జరిగినదని ఎఫ్.బి.ఐ. లెక్క తేల్చినది. ఎల్.సి. మీద నడిచే బేరాలలో కాగితాలు బ్యాంకు నుంచి బ్యాంకుకు పోతాయి గనుక ఈ ఆట అంతగా సాగదు. పరిచయం మీద, నమ్మకం మీద టి.టి. ద్వారా డబ్బు పంపే పాత ఖాతాదారులతోనే ప్రమాదం ఎక్కువ. సరుకు కొలంబో చేరిన తరువాత డబ్బు ఎవరికి పోయినదన్న తగవు వస్తే, కొనుగోలుదారు తాను చెల్లించానంటాడు, అమ్మినవాడు తనకు ముట్టలేదంటాడు. ఇద్దరూ చెప్పేది నిజమే.

ఇలాంటిది బయటపడినప్పుడు సాధారణంగా పాస్‌వర్డు మార్చి ఊపిరి పీల్చుకొంటారు. పాస్‌వర్డు మార్చినంత మాత్రాన మళ్లింపు నిబంధన పోదు. అది అక్కడే ఉండి తన పని తాను చేసుకొంటూ పోతుంది. ఫార్వర్డింగు పుట, ఫిల్టర్ల పుట, రెండూ తెరచి తాము పెట్టనిది ఏదైనా ఉంటే తీసివేయాలి. మైక్రోసాఫ్ట్ 365లో సంస్థ బయటి అడ్రసుకు ఆటోమేటిక్ మళ్లింపు మొదటినుంచే ఆపి ఉంటుంది, నిర్వాహకుడు పని గట్టుకొని అనుమతిస్తేనే సాగుతుంది. ఎవరో ఒకరు అడిగారని అందరికీ కలిపి ఆ తలుపు తెరవడం మంచిది కాదు. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకొన్న ఖాతాలోకి దొంగిలించిన పాస్‌వర్డు ఒక్కదానితో ప్రవేశించడం కష్టం. సొమ్ము తప్పుదారి పట్టినట్లు తెలిసిన వెంటనే బ్యాంకుకు, సైబరు నేరాల ఫోను నంబరు 1930కి చెప్పాలి. గంటలు గడిచే కొద్దీ సొమ్ము చేతులు మారుతూ పోతుంది.

బ్యాంకు ఖాతా మార్పు ఏదైనా ఉంటే మెయిలులో చెప్పము, ఫోనులోనే చెబుతాము అని ప్రతి ఇన్వాయిసు కింద ఒక లైను అచ్చు వేయించే పద్ధతి మంచిది. ఆ ఫోను కూడా పాత పుస్తకంలోని నంబరుకు చేయాలి గాని, వచ్చిన మెయిలులో ఉన్న నంబరుకు కాదు.

ఈ ఏర్పాట్లకు కొత్త పంట రాక ముందరి రోజులు అనువైనవి. జనవరి నుంచి యార్డుకు బస్తాలు పోటెత్తితే ఎవరికీ తీరిక దొరకదు. డిసెంబరులో ఒక మధ్యాహ్నం కూర్చొని, మారుపేర్లను, ఒక్కొక్కదాని వెనుక ఉన్న మనుషులను ఒక కాగితం మీద రాసుకొని, సంస్థతో సంబంధం లేని బయటి అడ్రసు నుంచి ప్రతి మారుపేరుకూ ఒక పరీక్ష మెయిలు పంపి చూడాలి. అది ఎవరి పెట్టెలో పడినదో, ఎంతసేపటికి పడినదో, స్పాములో పడినదేమో, జవాబు ఏ పేరున తిరిగి వచ్చినదో అదే కాగితం మీద గుర్తు వేసుకోవాలి. గుమాస్తా కొట్టు మానిన రోజున తీసి చూడవలసినది కూడా ఆ కాగితమే.